తెర వెనుక చప్పట

"ఒట్టేసి చెప్పు వదాద్. ఆ చప్పట కొట్టింది నువ్వు కాదూ?"

పొద్దుటి నుంచి మునీఫ్ ఈ మాట అడగడం ఎన్నోసారో వదాద్ లెక్కపెట్టడం మానేసింది. పొయ్యి మీద మసూరపప్పు చారు పొంగి గిన్నె అంచుల వెంట కారుతోంది. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. కాదని చెప్పీ చెప్పీ నాలుక అరిగిపోయింది. కొత్తగా చెప్పడానికి ఇంకేముంది?

"కాదు," అంది చివరికి. "నా చేతులకి ఊలు తొడుగులున్నాయి. వాటితో కొడితే ఎంత చప్పుడొస్తుందో నువ్వే కొట్టి చూడు."

మునీఫ్ నిజంగానే చూశాడు. తలుపు పక్కన తగిలించిన తొడుగులు తీసి వేసుకుని, ఎడమచేతి వీపు మీద కుడిచేత్తో కొట్టాడు. దిండు దులిపినట్టు మెత్తగా వినబడింది. ఇంకోసారి గట్టిగా కొట్టాడు. అంతే. తొడుగులు తీసి బల్ల మీద పడేసి కుర్చీలో కూలబడ్డాడు. పెళ్ళాం అబద్ధమాడిందని తేలి ఉంటే మనిషికి కాస్త నిమ్మళంగా ఉండేది. ఇప్పుడా దారి కూడా మూసుకుపోయింది.

నిన్న సందెనమాజులో జరిగిన భాగోతం అప్పుడే సరస్సు చుట్టూ పాకిపోయింది. పాకదా మరి. బొచ్చు తోళ్ళ కోసం మింకులనే ముంగిసలాంటి జంతువుల్ని పెంచుకుంటూ ఈ చలినేల మీద స్థిరపడ్డ లెబనాన్ కుటుంబాలు పట్టుమని ఇరవై లేవు. ఒకరింట్లో పాలు విరిగితే అవతలి ఒడ్డున పెరుగు గురించి మాట్లాడుకుంటారు.

మునీఫ్ ముందు నిలబడి చేయిస్తున్న నమాజు చివర అందరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. సలాం చెప్పి ముగించడమే తరువాయి. మసీదులో ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు మునీఫ్ చెవికి వెనక ఆడవాళ్ళ తెర వైపు నుంచి చప్పట వినబడింది. ఒక్కటే చప్పట.

ఇమామ్ పొరబడితే వెనకున్న మగవాళ్ళు సుబ్హానల్లాహ్ అని హెచ్చరిస్తారు. ఆడవాళ్ళు గొంతెత్తరు, చేతి మీద చేత్తో ఒక్కసారి తడతారు. పాలుతాగే పిల్లలకి కూడా తెలిసిన పద్ధతే. అందుకే మునీఫ్ ఆలోచించలేదు. ఒక విడత తక్కువ చేశాననుకుని గబుక్కున లేచి నిలబడ్డాడు. వెనక మగవాళ్ళు సుబ్హానల్లాహ్ అన్నారు. కూర్చోలేదు. మళ్ళీ అన్నారు. గుంజలా నిలబడే ఉన్నాడు. చివరికి మసీదు పెద్ద హాజీ షిబ్లీ గొంతు చించుకుంటే గాని మనిషి కిందికి దిగలేదు. తప్పు మన్నింపుకి చేసే సాష్టాంగాలు చేసి, చెమటలు కక్కుతూ నమాజు ముగించాడు.

బయట బూట్లు వేసుకుంటూ మగవాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. చప్పటేమీ వినలేదే అన్నారు. సరస్సు మీద మంచు పగిలి ఉంటుందన్నారు. ఈ కాలంలో మంచు తుపాకీ పేలినట్టు పగలడం మామూలే, నిజమే. కానీ మునీఫ్ పుట్టింది ఈ ఒడ్డునే. మంచు చప్పుడు అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

"మంచు పగిలితే చివర టిక్కుమనదు," అన్నాడిప్పుడు, వదాద్ చేతికేసి చూస్తూ.

ఆ వేలికున్నది వెండి ఉంగరం. మొన్న ఆకులు రాలే కాలం దాకా అది అత్తగారు హజ్జా నజీరా వేలికి ఉండేది. మునీఫ్ ఏడేళ్ళ పిల్లాడప్పుడు ఇదే వంటగదిలో అడ్డంగా దుప్పటి కట్టి, దాని వెనుక కూర్చుని ఆవిడ కొడుక్కి ఖురాన్ చదవడం నేర్పింది. అక్షరం జారితే చప్పట. ఆ చప్పట చివర ఉంగరం ఎముకకి తగిలి టిక్కుమనేది. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయాక వేలు వాచింది. సబ్బు రాసి ఉంగరం లాగి, పనిచేసే ఎడమచేత్తో ఆవిడే దాన్ని కోడలి వేలికి తొడిగింది. నిన్న తెర వెనుక ఉన్న ఆడమనిషి కూడా ఆ కోడలొక్కతే. మరి మునీఫ్ ఎవరినడగాలి?

పోయిన వారం కథ చదివినవాళ్ళకి తెలిసినదీ, పాపం మునీఫ్‌కి తెలియనిదీ ఒకటుంది. ఆ చప్పట వదాద్ కూడా వింది.

తన కుడిచెవి పక్కనే వింది. అటు తిరిగి చూస్తే ఖాళీ చాప, గోడ, గోడ మీద చలికి పేరుకున్న తెల్లటి పొర. విన్నానని చెబితే, కొట్టిందెవరని అడుగుతాడు. ఉన్నది తనొక్కతే. వినలేదని చెబితే, మొగుడు లేని చప్పుళ్ళు వినే మనిషవుతాడు. ఆమె రెండోదే ఎంచుకుంది. ఎందుకు ఎంచుకుందో ఆమెకి బాగానే తెలుసు.

మసీదు పక్క ఇల్లు. ఎంచుకోవడమంతా దానికోసమే.

శుక్రవారం నగరం నుంచి సంఘం పెద్దలు వస్తున్నారు. మునీఫ్ నమాజు చేయించే తీరు నచ్చితే ఊరికి శాశ్వత ఇమామ్‌గా ఖాయం చేస్తారు. ఇమామ్‌కి మసీదు పక్కనున్న ఇల్లిస్తారు. కిటికీలకి రెండేసి అద్దాలు, కుళాయి తిప్పితే వేడినీళ్ళు. అన్నింటికన్నా ముఖ్యం, అక్కడికి మింకుల కంపు రాదు. తోళ్ళు ఒలిచే రోజులివి. కొవ్వు వాసన పరదాలకీ, జుట్టుకీ, చివరికి రొట్టెకీ పట్టేసింది. ఈ ఇంట్లో కాపురానికొచ్చాక వదాద్ ఎన్ని సబ్బులు అరగదీసినా చేతులకి ఆ వాసన వదల్లేదు. పొరుగింటి పెళ్ళిలో హాజీ షిబ్లీ భార్య నాయిఫా అందరి ముందూ ముక్కు మూసుకుని, నీ వంట బాగుందమ్మాయ్, నువ్వు మాత్రం కొంచెం అవతలికి జరుగు అంది. ఆ మాట వదాద్ చచ్చేదాకా మరిచిపోదు.

"సరే," అన్నాడు మునీఫ్ ఉన్నట్టుండి లేచి. "టేపు ఉందిగా. అదే చెబుతుంది."

లోపలికెళ్ళి నమాజుకి వేసుకునే పొడుగు అంగీ జేబులోంచి చిన్న టేప్ రికార్డర్ తెచ్చాడు. ఈ టేపు ఆలోచన వదాద్‌దే. నీ గొంతు రికార్డు చేసి పంపితే నగరం వాళ్ళు ముందే మెత్తబడతారు అంది. మునీఫ్ మొదట ఛీ అన్నాడు. తర్వాత ఊఁ అన్నాడు. పది రోజులుగా ప్రతి నమాజుకీ ఆ పెట్టె జేబులో ఉంటోంది. ఈమధ్య అతని గొంతు ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ వణకాలో, ఎక్కడ విరగాలో బాగా తెలిసిన గొంతయింది. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. తను తుడుచుకోవడం మాత్రం మానేశాడు.

కిటికీ పక్క కుర్చీలో దుప్పటి కప్పుకుని నజీరా కూర్చుని ఉంది. రోజంతా కొడుకూ కోడలూ పడుతున్న పోట్లాట విని కూడా ఆవిడ ఒక్క మాట అనలేదు. మాట రావడమే కష్టం ఆవిడకి. వచ్చినా ఒక్కోటిగా, నలిగి వస్తుంది.

మునీఫ్ పెట్టెను బల్ల మీద పెట్టి మీట నొక్కాడు.

నిన్నటి నమాజంతా వంటగదిలోకి వచ్చింది. మునీఫ్ గొంతు, మగవాళ్ళ ఆమీన్, ఎవరిదో దగ్గు, ఫర్నేసు హోరు. ముగ్గురూ కదలకుండా విన్నారు. చివరి కూర్చోవడం వచ్చింది. టేపులో నిశ్శబ్దం. వదాద్ గరిటె గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు, ఇప్పుడు అనుకుంటోంది.

చప్పట లేదు.

నిశ్శబ్దం, నిశ్శబ్దం, అందులోంచి ఒక్కసారిగా మునీఫ్ లేచిన అల్లాహు అక్బర్, వెనకనే కంగారుగా మగవాళ్ళ సుబ్హానల్లాహ్. అంతే. మునీఫ్ వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. చెవి పెట్టెకి ఆనించాడు. లేదు. అతని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"నేను విన్నాను," అన్నాడు నెమ్మదిగా. "నా చెవులతో విన్నాను వదాద్."

వదాద్ గొంతులో మాట అక్కడిదాకా వచ్చింది. నేనూ విన్నాను అన్న రెండు ముక్కలు. అంటే అతనికి ఎంత ఊరటో ఆమెకి తెలుసు. మింగేసింది.

"మొదట్నుంచి," అంది నజీరా.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆవిడ ఎడమచెయ్యి పెట్టెను చూపిస్తోంది. మునీఫ్ టేపు మొదటికంటా తిప్పి మీట నొక్కాడు. టిక్కుమంది. ఆ వెంటనే అతని అల్లాహు అక్బర్.

"ఆపు." నజీరా కళ్ళు కొడుకు మీదే ఉన్నాయి. "అదేంటి? ముందు వచ్చింది."

"మీట నొక్కిన చప్పుడమ్మా. జేబులో చెయ్యి పెట్టి నొక్కుతాను."

"తర్వాత?"

"అల్లాహు అక్బర్ అన్నాను."

"మధ్యలో?"

మునీఫ్ మీట మీంచి వేలు తీశాడు.

"మధ్యలో ఏముంది నాయనా, నీ గుండెలో?"

సంకల్పం నోటితో పలికేది కాదు. అల్లాహు అక్బర్ అనే ఆ క్షణాన, ఎవరి ముందు నిలబడ్డానో, ఎందుకు నిలబడ్డానో గుండెకి తెలియాలి. ఆ క్షణంలో ఇంకోటి దూరితే తర్వాత ఎంత తీయగా చదివినా అది గొంతు కసరత్తే. దుప్పటి తెర వెనుక కూర్చుని ఆవిడ కొడుక్కి నేర్పిన మొట్టమొదటి పాఠం ఇదే. అక్షరాలు తర్వాత నేర్పింది.

"టేపు తిరుగుతోందా లేదా అని చూసుకున్నానమ్మా," అన్నాడు మునీఫ్. నలభై ఏళ్ళ మనిషి, ఆ మాట ఏడేళ్ళ పిల్లాడి గొంతుతో వచ్చింది. "పది రోజులుగా అదే చూసుకుంటున్నాను."

మీట చప్పుడూ ఉంగరం చప్పుడూ ఒకటేనని ముగ్గురికీ తెలిసిపోయింది. పొయ్యి మీద చారు మాడిన వాసన వచ్చింది.

ఆ తర్వాత జరిగిన పోట్లాట నిజానికి పోట్లాట కూడా కాదు. మునీఫ్ శుక్రవారం ముందు నిలబడనన్నాడు. షిబ్లీ బాబాయికి కబురు పెడతానన్నాడు. వదాద్ గిన్నె దించి, మాడిన అడుగు గీకుతూ, సరే పెట్టు అంది. ఇంకో ఇమామ్ వస్తాడు, ఆ ఇంట్లో ఆయన భార్య వేడినీళ్ళతో స్నానం చేస్తుంది, మనం ఇక్కడ ఈ చర్మాల మధ్యే ఉందాం, నేను చచ్చాక స్నానం చేయించేవాళ్ళు కూడా ముక్కు మూసుకుంటారు, నీకేం అంది.

"నీకు ఇల్లు కావాలి వదాద్. నమాజు కాదు."

"అవును, ఇల్లే కావాలి. నేను దాచుకోలేదుగా. నువ్వు గొంతు ఎత్తినప్పుడు వెనక ఎంతమంది ఏడుస్తున్నారో వినడానికి చెవి రిక్కించేది ఎవరు? నేనా?"

ఆ దెబ్బకి మునీఫ్ తల దించుకున్నాడు. అన్నందుకు వదాద్‌కి బాధగానే ఉంది. కానీ మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. గిన్నె అడుగు ఇంకా గట్టిగా గీకింది.

తీర్పు నజీరాయే చెప్పింది. "నిలబడు," అంది కొడుకుతో. ఎడమచెయ్యి పెట్టె మీదికి వెళ్ళింది. "అది లేకుండా."

మునీఫ్ తల్లి చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. టేప్ రికార్డర్‌ను తీసి అన్నింటికన్నా పై అరలో, పిండి డబ్బా వెనుక పెట్టాడు. చర్మాల షెడ్డులో పనుందని బయటికి వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకున్నాక నజీరా కోడలి వైపు చూసింది.

"నువ్వు విన్నావా, తల్లీ?"

"లేదత్తయ్యా."

నజీరా ఒళ్ళో పడి ఉన్న తన కుడిచెయ్యి కేసి చూసుకుని, దాన్ని ఎడమచేత్తో ఎత్తి దుప్పటి కింద దాచుకుంది. వదాద్ వేలికి ఉంగరం మంచులా చల్లగా తగిలింది.

*

శుక్రవారం పొద్దున్న ఫోను మోగే వేళకి మునీఫ్ ముందుగానే మసీదుకి వెళ్ళిపోయాడు. అవతల నాయిఫా. నగరం సంఘంలో పెద్దాయన జ్వరంతో మంచాన పడ్డాడట. మిగతావాళ్ళు వస్తున్నారట కానీ ఆయన చెవిన పడనిదే ఏదీ ఖాయం చేయరట. కాబట్టి ఈవాళ్టి నమాజు టేపు కావాలి, షిబ్లీ సాయంత్రం లోపల వచ్చి తీసుకుని వాళ్ళ చేతికిస్తాడు అంది. చివర్లో నవ్వుతూ, ఆ ఇంటి పరదాలు నేను కుట్టించినవే, వాటికి వాసన పట్టించకమ్మాయ్ అని కూడా అంది.

వదాద్ ఫోను పెట్టేసి పై అరకేసి చూసింది.

మునీఫ్‌కి చెప్పొచ్చు. చెబితే వద్దంటాడు. అక్కడితో ఇల్లు పోతుంది. చెప్పకపోతే? అతని జేబులో పెట్టెలేదు, అతని సంకల్పం శుభ్రంగానే ఉంటుంది. తెర వెనుక తన సంచిలో పెట్టె ఉంటే అతనికేం? నమాజు అతనిది, టేపు తనది. పాపం ఉంటే అదీ తనదే. ఇందులో ఎవరికి నష్టం? అవసరం పడితే మనిషి బుర్ర వకీలు కన్నా బాగా పనిచేస్తుంది. స్టూలు వేసుకుని పిండి డబ్బా వెనుక చెయ్యి పెట్టింది.

తిరిగి చూస్తే నజీరా కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందనే వదాద్ అనుకుంది. అలా అనుకోవడమే బాగుంది.

మసీదు కిటకిటలాడుతోంది. ఆడవాళ్ళ వైపు కూడా చాపలన్నీ నిండాయి. వదాద్‌కి కుడిపక్కన నాయిఫా నిలబడింది, ఎడమపక్కన చంటిపిల్లతో ఒక పడుచు తల్లి. ఫర్నేసు వేడి తెర దాటి రాదు కాబట్టి అందరి చేతులకీ తొడుగులు. సంచి పాదాల దగ్గర పెట్టుకుని, వంగి సర్దుతున్నట్టుగా లోపల చెయ్యి పెట్టింది. తెర అవతల మునీఫ్ వరసలు సరిచేయమంటున్నాడు. ఇంక ఎత్తుకుంటాడు.

టిక్.

"అల్లాహు అక్బర్," అన్నాడు మునీఫ్.

వదాద్ నిటారుగా లేచి చేతులెత్తి తనూ అంది. అన్నప్పుడు ఆమె గుండెలో ఉన్నది ఒక్కటే మాట. తిరుగుతోందా?

చప్పట పడింది.

కుడిచెవి పక్కనే పడింది. చేతి వీపు మీద అరచెయ్యి, చివర ఎముకకి తగిలిన వెండి. తల తిప్పకుండా కళ్ళు మాత్రం పక్కకి తిప్పింది. నాయిఫా చేతులు ఛాతీ మీద కట్టుకుని ఉన్నాయి, లావుపాటి ఎర్ర తొడుగుల్లో. కళ్ళు మూసుకుని ఉంది. ఎడమపక్క తల్లి పిల్లని సముదాయిస్తోంది. వరసలో ఒక్కరు కూడా ఉలికిపడలేదు.

ఇప్పుడు ఆగిపోతాడు, మళ్ళీ పరువు పోతుంది అనుకుంది వదాద్. మునీఫ్ ఆగలేదు. తడబడలేదు. ఈసారి అతనికి ఏమీ వినబడలేదని ఆమెకి అర్థమైంది. అతని గొంతు ఇవాళ చిన్నగా ఉంది. ఎత్తడం లేదు, వణికించడం లేదు, ఎదురుగా ఒక్కరే ఉన్నట్టు, ఆ ఒక్కరితో మాట్లాడుకుంటున్నట్టు చదువుతున్నాడు. పెళ్ళయిన కొత్తలో, ఎవరూ వినడం లేదనుకుని షెడ్డులో ఒంటరిగా చదువుకునేవాడు. ఆ గొంతు విని అప్పుడు ఆమె మేత బకెట్టు పట్టుకుని గుమ్మం బయటే నిలబడిపోయేది. అదే గొంతు. వదాద్‌కి ఏడుపొచ్చింది.

మోకాళ్ళ మీదికి వంగినప్పుడు మళ్ళీ చప్పట. నుదురు నేలకి ఆనించినప్పుడు ఇంకోటి. ఆ నేలలోంచే వచ్చినట్టు, నుదుటి కిందనే. పెట్టెను ఆపాలని ఆమె చెయ్యి సంచి వైపు జరిగింది, మధ్యలో ఆగిపోయింది. ఆపితే ఇల్లు పోతుంది. నుదురు నేల మీద ఉంచి వదాద్ అదే లెక్క వేసుకుంది. చప్పట మళ్ళీ పడింది.

సలాం చెప్పాక నాయిఫా ఆమె భుజం తట్టి, ఈవాళ మీ ఆయన గొంతులో ఉప్పూ కారం లేదేమిటమ్మాయ్ అంది. తర్వాత చెవి దగ్గరకొచ్చి, పెట్టె తెచ్చావుగా అంది. వదాద్ తలూపింది. నాయిఫా ఏ చప్పుడూ విన్నట్టు లేదు. వినుంటే ఊరుకునే మనిషి కాదు.

*

మునీఫ్ అతిథులతో భోజనానికి ఉండిపోయాడు. వదాద్ మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికొచ్చేసింది. అత్తగారు పొద్దున్న కూర్చోబెట్టిన చోటే, కళ్ళు తెరిచి కిటికీలోంచి సరస్సు కేసి చూస్తోంది. నీళ్ళు తాగుతారా అంటే వద్దన్నట్టు తలాడించింది.

ఇవ్వబోయే ముందు ఒకసారి విని చూడాలి. అంతే, వినడానికి భయమేముంది? చేతి తొడుగులు కూడా తీయకుండా వదాద్ బల్ల ముందు కూర్చుని పెట్టెను ముందుకి లాక్కుంది. శబ్దం బాగా తగ్గించి మీట నొక్కింది.

టిక్కుమంది. చంటిపిల్ల ఏడుపు. నాయిఫా దగ్గు. ఫర్నేసు హోరు. గుడ్డలు రాసుకున్న సవ్వడి.

మునీఫ్ గొంతు లేదు.

అల్లాహు అక్బర్ ఉండవలసిన చోట ఏమీ లేదు. శబ్దం పెంచింది. ఇంకా పెంచింది. తెర మందంగా ఉంది, అందుకే అనుకుంది. కానీ కాసేపటికి తెర అవతల నుంచే మగవాళ్ళంతా ఒక్కటిగా ఆమీన్ అన్నారు. స్పష్టంగా, గది నిండా. ఎవరూ ఏమీ చదవని నిశ్శబ్దానికి ఆమీన్ అన్నారు.

ఆ తర్వాత చప్పట. టేపు నిండా అదే. వంగిన చోట ఒకటి, లేచిన చోట ఒకటి, నేల మీద తల ఆనించిన చోట రెండు. దగ్గరగా, తన చేతులే కొట్టుకున్నంత దగ్గరగా. మొన్నటి టేపులో లేనిదంతా ఇందులోకి వచ్చి కూర్చున్నట్టుంది. వదాద్ పెట్టెను ఆపాలనుకుంది, వేళ్ళు కదల్లేదు. అత్తగారి కేసి చూసింది. ఆవిడ ఇప్పుడు సరస్సును చూడడం లేదు. కుడిచెయ్యి ఒళ్ళో, పొద్దున్న వదాద్ సర్ది పెట్టిన చోటే, కదలకుండా పడి ఉంది.

బయట షిబ్లీ ట్రక్కు వచ్చి ఆగిన చప్పుడు. తలుపు తోసుకుని మునీఫ్ లోపలికొచ్చాడు. బూట్ల మీద మంచు దులుపుకోవడం కూడా మరిచాడు. అతని మొహంలో అంత వెలుగు వదాద్ చూసి చాలా కాలమైంది. ఈవాళ ఏమీ వినబడలేదమ్మా అన్నాడు తల్లితో. వాళ్ళకి నచ్చిందో లేదో నాకు తెలీదు, ఇల్లు ఇస్తే ఇస్తారు లేకపోతే లేదు, చాన్నాళ్ళకి నమాజు చేసినట్టుంది అన్నాడు. మాట్లాడుతూనే కోటు విప్పుతూ వదాద్ వైపు తిరిగాడు.

"షిబ్లీ బాబాయి బయటున్నాడు. ఏదో టేపు కోసం వచ్చానంటాడు. ఏ టేపు?"

వదాద్ నోరు తెరిచేలోపల బల్ల మీద పెట్టె చప్పట కొట్టింది.

మునీఫ్ చేతిలో కోటు సగంలో ఆగిపోయింది. తల్లి ఒళ్ళో పడున్న చేతికేసి చూశాడు. బల్ల మీద ఊలు తొడుగుల్లో ఉన్న భార్య చేతులకేసి చూశాడు. మొహంలో వెలుగు మెల్లగా దిగిపోయింది. మొన్నటి భయం మళ్ళీ వచ్చి కూర్చుంది.

"మళ్ళీనా?" అన్నాడు. "ఇవాళ కూడానా? నేనేం తప్పు చేశాను వదాద్? ఇవాళ నా దగ్గర ఏమీ లేదే."

అదీ సరస్సు మంచు చప్పుడే అనొచ్చు. పాత టేపు అనొచ్చు. పెట్టె పాడైపోయింది అనొచ్చు. నమ్ముతాడు, నమ్మాలనే చూస్తున్నాడు. నమ్మి, ఇక బతికినన్నాళ్ళూ ప్రతి నమాజులోనూ ఆ చప్పట తనకేననుకుని వణుకుతూ నిలబడతాడు. బయట హారన్ మోగింది. కిటికీలోంచి దూరంగా మసీదు పక్క ఇల్లు, దాని రెండేసి అద్దాల కిటికీలు కనబడుతున్నాయి. వదాద్ ఒకసారి అటు చూసింది. తర్వాత అటు చూడడం మానేసి, తొడుగు లాగి, వేలికున్న ఉంగరం తీసి బల్ల మీద పెట్టింది.

"నీకు కాదు మునీఫ్," అంది. "నాకు. మొన్నది కూడా నేను విన్నాను. వినలేదని చెప్పాను."

మునీఫ్ కోటు వదిలేసి ఉంగరం కేసి చూశాడు. ఏమంటాడో ఆమెకి తెలియలేదు. పెట్టెలో టేపు ఇంకా తిరుగుతోంది, ఏ చప్పుడూ లేకుండా. షిబ్లీ ఈసారి హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

కుర్చీలోంచి నజీరా ఎడమచెయ్యి లేచింది. అది పెట్టెను చూపించలేదు. కోడల్ని చూపించింది.

"మొదట్నుంచి," అంది.